నల్లబల్ల మీద స్పానిష్

మన పిల్లలు ఉగాది నాటకానికి డైలాగులు ఎలా బట్టీ పడతారో అందరికీ తెలిసిందే. కాగితం నిండా ఇంగ్లీషు అక్షరాలు, వాటిలో తెలుగు. ట్రాయ్‌లోనైనా, నోవైలోనైనా ఇదే తంతు. "ఇలా చదివితే అది తెలుగెలా అవుతుందమ్మా?" అని ఇండియా నుంచి వచ్చిన తాతగార్లు పెదవి విరుస్తారు. ఆ తాతగార్లకి లారెల్, హార్డీల కథ ఒకటి చెప్పాలి.

మూకీల్లో హాస్యానికి భాష అక్కర్లేదు. అరటితొక్క మీద కాలేసినవాడు పారిస్‌లో ఎలా పడతాడో పిఠాపురంలోనూ అలాగే పడతాడు. నడుమ వచ్చే టైటిలు కార్డులు మారిస్తే సినిమా ఏ దేశమైనా పోతుంది. 1927లో 'ది జాజ్ సింగర్' వచ్చి మాటల గాలి మొదలయ్యేసరికి ఆ సుఖం పోయింది. ఇరవై నిమిషాల రెండు రీళ్ళ కామెడీలు తీసే హాల్ రోచ్‌కి విదేశాల రాబడి ముఖ్యం. డబ్బింగు విద్య ఇంకా పచ్చిగా ఉంది. అందుకని ఆయన ఒక మొండి పని చేశాడు. అదే సినిమాని ఒక్కో భాషకీ మళ్ళీ తీశాడు!

1930, 31లలో జరిగిన ముచ్చట ఇది. ఇంగ్లీషు సీను తీయడం అయ్యాక చుట్టూ ఉన్న నటుల్ని మార్చి, ఆ భాష వచ్చినవాళ్ళని పెట్టేవారు. లారెల్, హార్డీలు మాత్రం వాళ్ళే. ఇద్దరికీ ఆ భాషలు రావు. పంతులు ఒకాయన పలికించేవాడు. కెమెరాకి కనపడకుండా నల్లబల్ల మీద ఆ స్పానిష్ మాటల్ని ఇంగ్లీషు ఉచ్చారణలో రాసిపెట్టేవారు. చూసి చదవడమే, మన పిల్లల్లాగే. 'పార్డన్ అస్' ఇలా స్పానిష్, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్ నాలుగింటిలోనూ తయారైంది. స్పానిష్ ప్రతులకైతే నిడివి కూడా పెంచేవారు. 'చికెన్స్ కమ్ హోమ్' స్పానిష్ ప్రతిలో హాజీ అలీ అనే ఆయన నీళ్ళూ కిరసనాయిలూ గడగడా తాగి, ముందు కిరసనాయిలు చిమ్మి మంట రేపి, తరవాత నీళ్ళు చిమ్మి ఆర్పుతాడు. కథకీ దానికీ సంబంధం ఏమిటని అడక్కండి. మన పాత సినిమాల్లో రికార్డు డాన్సులకి మాత్రం ఏం సంబంధం?

జనం నవ్వారు. సగం నవ్వు ఆ వంకర ఉచ్చారణకే. ఇటలీలో అది ఎంతగా పాతుకుపోయిందంటే, తర్వాత స్వచ్ఛమైన ఇటాలియన్లు డబ్బింగు చెప్పినప్పుడు కూడా కావాలని ఇంగ్లీషు యాసతోనే చెప్పారు. హార్డీకి గొంతిచ్చిన ఆల్బెర్టో సోర్డీ ఆ పైన ఇటలీలో పెద్ద హాస్యనటుడయ్యాడు. అన్నట్టు స్టాన్ లారెల్ కూడా మనలా వలస వచ్చినవాడే. ఇంగ్లండులో పుట్టి, 1910లో చాప్లిన్‌తో పాటే ఫ్రెడ్ కార్నో నాటక బృందంలో ఇక్కడికి చేరాడు.

సరిగ్గా అదే రోజుల్లో బొంబాయిలో మనవాళ్ళు ఇంకో రకంగా తంటాలు పడ్డారు. హెచ్.ఎం. రెడ్డి తీసిన 'కాళిదాస్' 1931 అక్టోబరు 31న వచ్చింది. అందులో కథానాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే, కథానాయకుడు తెలుగులో జవాబిస్తాడు. ఎవరి భాష వారిదే! మద్రాసులో జనం విరగబడి చూశారు. ఆ సినిమాలో చిన్న వేషం వేసిన ఎల్.వి. ప్రసాద్ 1955లో 'మిస్సమ్మ' తీసి, రేలంగినీ రమణారెడ్డినీ మనకి చూపించాడు. లావూ సన్నం జోడీ ఏ దేశంలోనైనా నవ్విస్తుంది గాని, రమణారెడ్డి సాగదీసే ఆ నెల్లూరు యాస లేకపోతే మనకి సగం నవ్వు తగ్గేది.

ట్రాయ్ నుంచి అరగంట దూరంలో, డెట్రాయిట్‌లో, 1928లో కట్టిన రెడ్‌ఫర్డ్ థియేటరుంది. నాటి బార్టన్ ఆర్గను అందులో ఇంకా మోగుతుంది. త్రీ స్టూజెస్ పొట్టి సినిమాలు వరసపెట్టి వేసే ఉత్సవాలు అక్కడ జరుగుతూ వచ్చాయి. ఇంగ్లీషు అంతగా రాని అమ్మమ్మనీ, తెలుగు అంతగా రాని మనవణ్ణీ పక్కపక్కన కూర్చోబెట్టడానికి అంతకన్నా మంచిచోటు నాకు తట్టలేదు. 1932 నాటి 'ది మ్యూజిక్ బాక్స్' వేస్తే మరీ మంచిది. నూటముప్పైకి పైగా ఉన్న మెట్ల మీదికి ఇద్దరూ పియానో పెట్టెని ఎక్కిస్తారు, అది జారి కిందికి వచ్చేస్తుంది. మళ్ళీ ఎక్కిస్తారు. చివరికి తెలుస్తుంది, ఇంటికి వెనకాల బండి వచ్చే దారి ఉందని. ఉందని తెలిశాక వాళ్ళేం చేశారంటే, పియానోని మళ్ళీ కిందికి దింపి, ఆ దారిన తీసుకొచ్చారు.