పని సంస్కృతికి పునాది: జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం చెప్పే పాఠం

సంస్థ ఎలాంటిదో దాని గోడల మీది నినాదాలు చెప్పవు. అక్కడ పనిచేసేవారికి దొరికే విశ్రాంతి, వైద్యం, భద్రత, గౌరవం చెబుతాయి. మనిషి అవసరాలను అమెరికా మనస్తత్వవేత్త అబ్రహాం మాస్లో 1943లో ఒక వరుసలో పేర్చారు. తిండి, నిద్ర వంటి శారీరక అవసరాలు మొదటివి. ఆ తర్వాత భద్రత, అనుబంధం, గౌరవం వస్తాయి. తన శక్తిని పూర్తిగా వినియోగించుకోవాలన్న తపన చివరిది. ఈ సిద్ధాంతం రావడానికి మూడు దశాబ్దాల ముందే జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం ఈ దారిలో నడిచింది. ఆ దారిలో ఎదురుదెబ్బలూ తిన్నది.

చట్టం కంటే ముందే

టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1907లో ఏర్పడింది. వ్యవస్థాపకుడు జంషెడ్‌జీ టాటా అప్పటికి మూడేళ్ల క్రితమే మరణించారు. అయితే కార్మికుల ఊరు ఎలా ఉండాలో ఆయన 1902లోనే కుమారుడు దోరాబ్జీకి రాసిన లేఖలో వివరించారు. వెడల్పాటి వీధులు, నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలు, అన్ని మతాలవారికీ ప్రార్థనా స్థలాలు ఉండాలన్నది ఆయన కోరిక.

కర్మాగారంలో ఉక్కు ఉత్పత్తి 1912లో మొదలైంది. అదే ఏడాది ఎనిమిది గంటల పనిదినం అమలులోకి వచ్చింది. అప్పటి ఫ్యాక్టరీల చట్టం జౌళి మిల్లుల్లో పురుషులతో 12 గంటలు పని చేయించుకోవడానికి వీలు కల్పించేది. 1915లో ఉచిత వైద్యం, 1920లో ప్రావిడెంట్ ఫండ్, వేతనంతో కూడిన సెలవు వచ్చాయి. 1928లో ప్రసూతి ప్రయోజనం, 1937లో గ్రాట్యుటీ తోడయ్యాయి. దేశవ్యాప్తంగా ప్రావిడెంట్ ఫండ్ చట్టం రావడానికి 1952 వరకు, గ్రాట్యుటీ చట్టానికి 1972 వరకు ఆగాల్సి వచ్చింది.

సదుపాయాలున్నా సమ్మెలెందుకు?

ఇన్ని సదుపాయాలున్న చోట 1920, 1922, 1928 సంవత్సరాల్లో పెద్ద సమ్మెలు జరిగాయి. ధరలు పెరిగినంతగా జీతాలు పెరగకపోవడం, ఉద్యోగుల తగ్గింపు, కార్మిక సంఘాన్ని యాజమాన్యం గుర్తించకపోవడం వివాదాలకు కారణమయ్యాయి. సంఘం గుర్తింపు వివాదం సందర్భంగా 1925లో గాంధీజీ జంషెడ్‌పూర్ వచ్చారు. 1928 సమ్మెలో సుభాష్ చంద్రబోస్ కార్మికుల తరఫున నిలిచారు.

ఆసుపత్రి ఉన్నంత మాత్రాన రేపు ఉద్యోగం ఉంటుందో లేదోనన్న భయం పోదు. ఇల్లు ఇచ్చినంత మాత్రాన తన మాట ఎవరూ వినడం లేదన్న బాధ తీరదు. యాజమాన్యం తనంత తానుగా ఇచ్చేది దయగా మిగిలిపోతుంది. అడిగి, చర్చించి సాధించుకున్నది హక్కు అవుతుంది.

1956లో కంపెనీకి, టాటా వర్కర్స్ యూనియన్‌కు మధ్య కుదిరిన ఒప్పందం ఈ లోటును కొంత పూడ్చింది. విభాగాల స్థాయి నుంచి పైవరకు ఉమ్మడి మండళ్లు ఏర్పడ్డాయి. భద్రత, ఉత్పత్తి, సంక్షేమం వంటి అంశాలపై కార్మిక ప్రతినిధులు, అధికారులు ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకునే పద్ధతి వచ్చింది.

నేటికీ తీరని అవసరాలు

శతాబ్దం గడిచినా మొదటి మెట్టు కూడా అందరికీ అందలేదు. బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడే సిబ్బందికి కూర్చునే హక్కు కల్పించడానికి కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలను సవరించాల్సి వచ్చింది. కుర్చీ వేయడానికి యజమానికి అయ్యే ఖర్చు ఎంత? ఆ చిన్నపాటి ఆలోచన కొరవడిన చోటే చట్టం కల్పించుకోవాల్సి వస్తుంది.

కాంట్రాక్టు కార్మికుల విషయంలో ఈ అంతరం మరింత స్పష్టం. ఒకే గేటులోంచి లోపలికి వెళ్లి, ఒకే యంత్రం దగ్గర పనిచేసే ఇద్దరిలో ఒకరికి సెలవు, క్యాంటీన్, వైద్యం ఉండి, రెండోవారికి లేకపోతే అక్కడ ఉమ్మడి సంస్కృతి ఏర్పడదు. పని సంస్కృతిని నిర్మించాలనుకునే నాయకులు మొదట చూడాల్సింది అందరికంటే తక్కువ సదుపాయాలున్న కార్మికుడి పరిస్థితిని. తర్వాత అడగాల్సింది ఆ కార్మికుడి మాటను.