పూలదారిలో మన చరిత్ర

ఫాల్గుణం చివర ఒక తెల్లవారుజామున బడిపిల్లల్ని వెంటబెట్టుకుని రంపచోడవరం దగ్గరి కొండదారి పట్టాం. పాఠ్యపుస్తకం తీసుకెళ్లలేదు. కనిపించిన పూలు, పిట్టల పేర్లు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం మాత్రం ఉంది.

మొదట బూరుగు చెట్టు దగ్గర ఆగాం. ఒక్క ఆకు లేదు, కొమ్మల నిండా ఎర్రపూలే. గోరింకలు, ఏట్రింతలు, కాకులు, తేనెపిట్టలు పూలలో ముక్కులు పెట్టి తేనె తాగుతున్నాయి. ఒక పిట్టకు రెండు ఊళ్ల పిల్లలు రెండు పేర్లు చెప్పి వాదించుకున్నారు. రెండూ రాయించాం. కొంచెం పైన మోదుగలు విరగబూసి ఉన్నాయి.

వాగు దాటాక జీలుగు చెట్టు, దానికి కట్టిన కల్లుకుండ కనిపించాయి. ఇక్కడ పిల్లలకు ఒక సంగతి చెప్పాం. 1879లో సరిగ్గా ఇదే కాలంలో, మార్చి నెలలో, రంప పితూరీ మొదలైంది. అంతకుముందే మన్సబుదారు కల్లుమీద చిగురుపన్ను వేశాడు. ఆ తర్వాత ఆంగ్ల ప్రభుత్వం కల్లు హక్కును కంట్రాక్టర్లకు పాడింది. తన చెట్టు కల్లు తాను ఇంట్లో తాగడానికి కూడా మనిషి ఇంకొకరికి పైకం కట్టవలసి వచ్చింది. పోలీసుల జులుం దీనికి తోడైంది. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర వంటివారు జనాన్ని కూడగట్టి పోరాడారు. పుస్తకంలో ఒక తేదీగా కనిపించే ఆ పితూరీ వెనుక ఇలాంటి చెట్టే ఉంది.

పొద్దెక్కేసరికి ఇప్పచెట్ల కిందికి చేరాం. ఒక అవ్వ రాలిన పూలు బుట్టలోకి ఏరుతోంది. "ఏ చెట్టు ఎవరిదని ఎలా తెలుస్తుందవ్వా?" అని ఒక పిల్ల అడిగింది. "మా అత్త ఏరిన చెట్టమ్మా ఇది. ఊరంతా ఎరుగుదురు" అంది అవ్వ. ఆ మాట ఏ కాగితంలోనూ లేదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక, రిజర్వు అడవి అని గీత గీసిన చోట, ఇలాంటి మాటకు విలువ లేకుండా పోయింది. పోడు కొట్టడం, పశువుల్ని మేపడం, పూలు ఏరడం సర్కారు అనుమతితో జరగాల్సిన పనులయ్యాయి. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం నడవడానికి ఈ బాధ ఒక ముఖ్య కారణం. అటవీ ఫలసాయం ఏరుకుని అమ్ముకునే హక్కు మనదేనని చట్టం ఒప్పుకోవడానికి 2006 దాకా పట్టింది.

ఆ చట్టం కింద హక్కు అడిగేటప్పుడు పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. కాబట్టి అవ్వ మాట ఇప్పుడు ఉత్త ముచ్చట కాదు. ఏ చెట్టు ఎవరు ఏరారు, ఏ వాగు దాకా ఊరి హద్దు, ఏ పిట్టను మన భాషలో ఏమంటాం, ఇవి చెప్పగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటే. ఏటా పూలకాలంలో ఒక్క పొద్దు పిల్లల్ని కొండకు తీసుకెళ్లండి, ఊరి పెద్దల్ని ముందు నడవనివ్వండి. పిల్లలారా, మీరు వెనక నడుస్తూ రాసుకోండి. మేము తెచ్చిన నోటుపుస్తకంలో ఆ రోజు పదకొండు పేజీలు నిండాయి.