గాలిలో వంపు, నేల మీద మలుపు

1950–51 రంజీ సీజన్‌లో, ఇండోర్‌లో హోల్కర్ జట్టు మీద గులాం అహ్మద్ ఒకే ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు వేశారు. అంటే 555 బంతులు. సి.కె. నాయుడు తీర్చిదిద్దిన హోల్కర్ బ్యాటింగ్ అంటే ఆ రోజుల్లో దేశంలో ఏ బౌలర్‌కైనా గుండెదడే. మన హైదరాబాదీ ఆఫ్ స్పిన్నర్ 245 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీశారు. ఈ లెక్క చూసినవాళ్లు చాలామంది 245 దగ్గర ఆగుతారు. నా కన్ను మాత్రం ఎప్పుడూ 555 దగ్గరే ఆగిపోతుంది. అన్నిసార్లూ అవే అడుగులు, అదే భుజం తిప్పు, చూపుడు వేలి అంచు మీద అదే కుట్టు రాపిడి. బంతిని గాలిలో వంచి, నేల మీద మలిచే విద్య ఈ ఊళ్లో అలా చేతికి పట్టుబడింది.

నాగోల్‌లో మెట్రో ఎక్కితే ఉప్పల్ దాటగానే వచ్చేది స్టేడియం స్టేషన్. ఐపీఎల్ రోజుల్లో కాషాయ రంగు చొక్కాలు వేసుకుని ఆ రైల్లో కిక్కిరిసి వెళ్లే పిల్లలకు ఉప్పల్ అంటే సిక్సర్ల మైదానం. వాళ్లను తప్పుపట్టలేం. 2024 మార్చిలో ముంబయి మీద సన్‌రైజర్స్ ఇక్కడ కొట్టింది 277. ఏడాది తిరిగేసరికి రాజస్థాన్ మీద 286. అలాంటి రాత్రుల్లో బౌలర్ వైపు చూసేవారెవరు? అయినా ఈ నగరం క్రికెట్‌కు ఇచ్చిన వాటిలో నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఆఫ్ స్పిన్. ఆ కథ చెప్పాలంటే ముందు గాలి గురించి చెప్పుకోవాలి. అందుకు కాస్త దూరం, అమెరికా దాకా వెళ్లిరావాలి.

అప్పట్లో న్యూయార్క్ పక్క ఊరైన బ్రూక్లిన్‌లో 1863లో విలియం ఆర్థర్ కమ్మింగ్స్ అనే పద్నాలుగేళ్ల పిల్లవాడు తోటి పిల్లలతో కలిసి సముద్రపు గవ్వచిప్పలు విసురుతూ ఆడుకున్నాడు. చిప్ప వంకర తిరిగి వెళ్తుంటే, బేస్‌బాల్‌ను కూడా ఇలా వంచగలిగితే ఎంత బాగుంటుందో అనుకున్నాడు. ఆ ఆలోచన వదలకుండా ఏళ్ల తరబడి పట్టు మార్చి, మణికట్టు మార్చి ప్రయత్నించాడు. 1867లో హార్వర్డ్ కళాశాల జట్టు మీద ఆడుతున్నప్పుడు బంతి చెప్పినమాట విన్నదని పెద్దయ్యాక రాసుకున్నాడు. కర్వ్‌బాల్ నాదంటే నాదని ఇంకొందరు ముందుకొచ్చినా, 1939లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ కమ్మింగ్స్‌కే ఆ గౌరవం కట్టబెట్టింది. నాలుగేళ్లు! ఒక్క బంతి నేర్చుకోవడానికి. దీన్ని మా కాలనీ నెట్స్‌లో ప్రతి పిల్లవాడికీ చెప్పాలనిపిస్తుంది.

అంత జరిగినా, బంతి నిజంగా వంగుతుందా, లేక అది చూసేవాడి కంటి భ్రమా అన్న వాదన అమెరికాలో దాదాపు వందేళ్లు సాగింది. శాస్త్రవేత్తలకైతే సంగతి ముందే తెలుసు. టెన్నిస్ బంతి వంపు తిరగడాన్ని న్యూటన్ 1672లోనే ప్రస్తావించాడు. 1742లో బెంజమిన్ రాబిన్స్ తుపాకీ గుండ్లు దారి తప్పడానికి కారణం అవి సుడి తిరగడమేనన్నాడు. 1852లో జర్మన్ శాస్త్రవేత్త మాగ్నస్ దాన్ని ప్రయోగంతో చూపించాడు. అందుకే ఆ బలానికి ఆయన పేరు నిలిచింది. తిరిగే బంతి తన చుట్టూ ఉన్న పలుచని గాలి పొరను వెంట లాక్కుపోతుంది. వెనక్కి పోయే గాలి దానివల్ల ఒక పక్కకు మళ్లుతుంది, బంతి రెండో పక్కకు జరుగుతుంది. ఉన్నదింతే. 1959లో లైమన్ బ్రిగ్స్ అనే భౌతిక శాస్త్రవేత్త విండ్ టన్నెల్‌లో కొలిచి, బేస్‌బాల్ తన దారిలో 17 అంగుళాలకు పైగా పక్కకు జరగగలదని తేల్చాక వాదన సద్దుమణిగింది.

కర్వ్‌బాల్‌లో బంతి పైభాగం ముందుకు తిరుగుతుంది. అంటే టాప్ స్పిన్. అందుకే అది బ్యాటర్ అనుకున్నదానికంటే ముందే కిందికి దిగిపోతుంది. పిచర్ నడిమి వేలిని కుట్టు పక్కన ఆనించి, బొటనవేలితో కింద పట్టుకుని, చేతి అంచు బ్యాటర్ వైపు ఉండేలా మణికట్టు తిప్పి, విడిచే క్షణంలో వేళ్లను ముందుకు, కిందికి లాగుతాడు. బంతి నేలను తాకదు, 60 అడుగుల 6 అంగుళాల్లో చెయ్యాల్సిందంతా గాలిలోనే చెయ్యాలి. క్రికెట్‌లో దూరం 22 గజాలు, అంటే 66 అడుగులు, మధ్యలో నేల ఉంది. మోచేతిని వంచి విసరకూడదు. ఈ రెండు తేడాలు తప్ప ఆఫ్ స్పిన్నర్ చేసే పని కర్వ్‌బాల్ పిచర్ చేసే పనికి దగ్గర చుట్టమే. ఈ చుట్టరికం నా ఊహ కాదు. ఫిలడెల్ఫియాకు చెందిన బార్ట్ కింగ్ మొదట బేస్‌బాల్ ఆడి, ఆ చేతివాటాన్నే క్రికెట్ బంతికి నేర్పాడు. 1908లో ఇంగ్లండ్ వెళ్లి 11.01 సగటుతో 87 వికెట్లు తీసి, ఆ ఏడు అక్కడి బౌలర్లందరి కంటే పైన నిలిచాడు.

ఇప్పుడు మన వేలికి వద్దాం. చూపుడు వేలినీ నడిమి వేలినీ ఎడంగా పెట్టి, కుట్టుకు అడ్డంగా పై కణుపులతో బంతిని పట్టాలి. బరువంతా చూపుడు వేలిదే. విడిచేటప్పుడు కుళాయి తిప్పినట్టు బంతిని కుడికి తిప్పాలి. కుడిచేతి బ్యాటర్‌కు అది ఆఫ్ వైపు పడి లోపలికి వస్తుంది. ఇంతవరకు వారం రోజుల్లో ఎవరికైనా వస్తుంది. రానిది ఆ తర్వాతిది. బంతి ఏ ఇరుసు మీద తిరుగుతోందన్నదే అసలు విద్య. మొత్తం పక్కకే తిప్పితే గాలిలో ఏమీ జరగదు, పడ్డాక మాత్రం తిరుగుతుంది. వెనకడుగు వేసి ఆడే బ్యాటర్‌కు అది తేలిక. అదే ఇరుసును కాస్త వాల్చి, కొంత టాప్ స్పిన్ కలిపితే బంతి బ్యాటర్ కళ్లకంటే ఎత్తుకు లేచి ఉన్నట్టుండి దిగుతుంది. దాని మీద భుజం పూర్తిగా తిరిగి, ఎడమ కాలి మీద ఒళ్లు గిరుక్కున మళ్లితే బంతి గాలిలో స్లిప్స్ వైపు జరుగుతూ వెళ్లి, పడ్డాక లోపలికి మళ్లుతుంది. వెళ్లేది ఒక దిక్కు, వచ్చేది ఇంకో దిక్కు. బయటికి పోతుందని బ్యాట్ చాచినవాడి బ్యాట్‌కూ ప్యాడ్‌కూ మధ్య అప్పుడు తలుపు తెరుచుకుంటుంది.

గులాం అహ్మద్‌కు ఇది ఎవరు నేర్పారని వెతకడంకన్నా, ఎక్కడ నేర్చుకున్నారని వెతకడం మేలు. దక్షిణాదిలో ఆ రోజుల్లో చాలాచోట్ల పరిచిన చాప మీద ఆట. మ్యాటింగ్ మీద బంతి గట్టిగా పట్టుకుని లేస్తుంది, పొడగరి ఆఫ్ స్పిన్నర్‌కు అది వరం. 1930–31లో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్ వల్ల దేశంలోని మేటి బ్యాటర్లు ఇక్కడికే వచ్చి ఆడేవారు, కుర్ర బౌలర్లకు పరీక్ష ఇంటి ముందుకే వచ్చేది. 1922లో పుట్టిన గులాం 1939–40 సీజన్‌లో హైదరాబాద్ జట్టులోకి వచ్చారు. టెస్ట్ ఆడటానికి మాత్రం 1948 డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. 22 టెస్టుల్లో 68 వికెట్లు. 1952 ఫిబ్రవరిలో మద్రాసులో భారత్ మొట్టమొదటి టెస్ట్ విజయం సాధించినప్పుడు రెండో ఇన్నింగ్స్‌లో నాలుగు వికెట్లు ఆయనవి. అదే ఏడు వేసవిలో ఇంగ్లండ్‌లో మన జట్టు చిత్తుగా ఓడుతుంటే హెడింగ్లీలో 100 పరుగులకు 5 వికెట్లు తీశారు. 1956లో ఈడెన్‌లో ఆస్ట్రేలియా మీద 49 పరుగులకు 7. అన్నట్టు, ఢిల్లీలో పాకిస్తాన్ మీద హేమూ అధికారితో కలిసి ఆఖరి వికెట్‌కు 109 పరుగులు జోడించి, తాను 50 కొట్టింది కూడా ఈయనే.

1955 నవంబర్‌లో హైదరాబాద్‌కు తొలి టెస్ట్ వచ్చింది. ఫతే మైదాన్‌లో న్యూజిలాండ్‌తో మ్యాచ్, సొంతూరి గులాం అహ్మదే కెప్టెన్. పాలీ ఉమ్రిగర్ 223 కొట్టి టెస్టుల్లో డబుల్ సెంచరీ చేసిన తొలి భారతీయుడయ్యారు. సుభాష్ గుప్తే ఏడు వికెట్లు తీశారు. ఆ మైదానం తర్వాత లాల్ బహదూర్ స్టేడియం అయింది.

తర్వాతి తరానికి దారి ఇరుకైపోయింది. ప్రసన్న, వెంకటరాఘవన్ ఉండగా దేశంలో మరో ఆఫ్ స్పిన్నర్‌కు చోటెక్కడ? వెంకట్ నీడలో మద్రాసులో అవకాశం రాని వి. రామనారాయణ్ బ్యాంకు ఉద్యోగంతో ఇక్కడికొచ్చి హైదరాబాద్ తరఫున ఆడారు. అంతకుముందు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ముంతాజ్ హుస్సేన్ అనే ఎడమచేతి స్పిన్నర్ చెయ్యి మార్చినట్టే కనిపించకుండా బంతిని రెండు వైపులా తిప్పి, రోహింటన్ బరియా పోటీల్లో బ్యాటర్లను తికమక పెట్టారు. రంజీకి వచ్చాక మాత్రం మామూలు ఎడమచేతి స్పిన్‌కే పరిమితమయ్యారు. చేతిలో ఉన్న విద్యను పూర్తిగా వాడుకోనివ్వకపోవడం మన క్రికెట్‌కు నష్టమేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఆఫ్ స్పిన్నర్లకు మూసుకున్న ఆ దారి 1979లో శివలాల్ యాదవ్‌కు తెరుచుకుంది. బెంగళూరులో ఆస్ట్రేలియా మీద తొలి టెస్టులోనే ఏడు వికెట్లు. 35 టెస్టుల్లో 102 వికెట్లు తీశారు. ఆయన వెనకే అర్షద్ అయూబ్ వచ్చారు. 1988లో న్యూజిలాండ్ మీద మూడు టెస్టుల్లో 21 వికెట్లు తీసి సిరీస్‌ను శాసించారు. ఆ సిరీస్ చివరి టెస్ట్ లాల్ బహదూర్ స్టేడియంలోనే జరిగింది. మనం పది వికెట్ల తేడాతో గెలిచాం. ఇక కన్వల్‌జీత్ సింగ్. దాదాపు రెండు దశాబ్దాలు హైదరాబాద్‌కు ఆడి, మూడు వందలకు పైగా వికెట్లు తీసి, ఒక్కసారి కూడా భారత టోపీ పెట్టుకోకుండానే ఆట ముగించారు. గులాం, శివలాల్, అర్షద్ పేర్లు చెప్పేచోట నాలుగోది ఆయనదే కావాలి. మహిళల్లో భారత జట్టుకు కెప్టెన్ అయిన పూర్ణిమా రావు కూడా ఆఫ్ స్పిన్నరే. ఆలమూరులో పుట్టిన వెంకటపతి రాజుది ఎడమచేతి దారి, 93 టెస్ట్ వికెట్లు.

1988 తర్వాత ఈ ఊరికి టెస్ట్ రావడానికి 22 ఏళ్లు పట్టింది. 2010 నవంబర్‌లో వచ్చింది ఉప్పల్‌కే. రెండేళ్లు తిరగకముందే, 2012 ఆగస్టులో ఇదే మైదానంలో అశ్విన్ న్యూజిలాండ్ మీద రెండు ఇన్నింగ్స్‌లలో ఆరేసి వికెట్లు తీశాడు. మొత్తం 85 పరుగులకు 12. ఉప్పల్ పిచ్ మీద ఆఫ్ స్పిన్ చూపిన అత్యుత్తమ పనితనం అది.

కానీ పిల్లలకు చూపించదగ్గ మ్యాచ్ వేరే ఉంది. 2024 జనవరిలో ఇక్కడే ఇంగ్లండ్ తరఫున టామ్ హార్ట్‌లీ అనే ఎడమచేతి స్పిన్నర్ తొలి టెస్ట్ ఆడాడు. అతని మొదటి బంతినే జైస్వాల్ సిక్సర్ కొట్టాడు. ఆ ఇన్నింగ్స్‌లో 131 పరుగులిచ్చి రెండే వికెట్లు. మనకు 190 పరుగుల ఆధిక్యం. ఇంకెవరైనా అయితే చేతులు వణికి, బంతిని చదునుగా నెట్టేసేవారు. ఒలీ పోప్ 196 కొట్టి మనకు 231 పరుగుల లక్ష్యం పెట్టాక హార్ట్‌లీ మళ్లీ బంతి అందుకున్నాడు. అదే ఎత్తు, అదే లెంగ్త్, వికెట్ల మీదికే. కొన్ని తిరిగాయి, కొన్ని తిన్నగా వెళ్లాయి. ఏది ఏదో మన బ్యాటర్లకు చివరిదాకా అంతుపట్టలేదు. రోహిత్, గిల్, జైస్వాల్, అక్షర్ వెళ్లిపోయాక విశాఖ కుర్రాడు శ్రీకర్ భరత్ కాసేపు నిలబడ్డాడు. అతన్నీ బౌల్డ్ చేశాడు. ఆఖర్న అశ్విన్, మన సిరాజ్ ముందుకొచ్చి స్టంప్ అవుట్ అయ్యారు. 62 పరుగులకు 7 వికెట్లు. మనం 28 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఓటమి బాధే. అయినా స్పిన్‌ను ప్రేమించేవాడికి ఆ సాయంత్రం ఉప్పల్ ఒక బడి.

నాగోల్, నాచారం ఖాళీ స్థలాల్లో ఇప్పుడు బంతి పట్టిన ప్రతి పిల్లవాడూ ముందు క్యారమ్ బాల్ అడుగుతున్నాడు. నడిమి వేలితో చిటికె వేసి విడిచే ఆ బంతిని అశ్విన్ కూడా చెన్నై వీధి క్రికెట్‌లోనే చూసి నేర్చుకున్నాడు, కాబట్టి ఆ కోరికలో తప్పు లేదు. అయితే అతను దాన్ని ఆఫ్ బ్రేక్‌కు తోడుగా పెట్టుకున్నాడు, ఆఫ్ బ్రేక్ మానేసి కాదు. బౌలర్‌కు నాలుగే ఓవర్లు దొరికే ఆటలో పిల్లవాడికి ఇరుసు వాల్చి చూసుకునే వ్యవధి దొరకదు. రోజంతా సాగే లీగ్ మ్యాచ్‌లు, ఒకే చివర నుంచి ఇరవై ఓవర్లు వెయ్యనిచ్చే కెప్టెన్లు కావాలి. సిక్సర్ పడ్డా బంతి లాక్కోని కోచ్‌లు కావాలి. ఆశ మాత్రం ఉంది: కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన స్పిన్నర్ శ్రీచరణి 2025 మహిళల ప్రపంచ కప్‌లో 14 వికెట్లు తీసింది. తెలుగు నేల గాలి ఇంకా మన వేళ్లను మరిచిపోలేదన్న మాట.

ఈసారి ఉప్పల్‌లో టెస్ట్ జరిగితే స్పిన్నర్ బంతి అందుకోగానే మీ పిల్లల్ని పిచ్‌కు తిన్నగా ఉండే చివరి స్టాండ్‌కు తీసుకెళ్లండి. బంతి స్లిప్స్ వైపు జరిగేది అక్కడి నుంచే కనిపిస్తుంది. విరామం తర్వాత పక్క స్టాండ్‌కు మారండి. ఎక్కడ లేచి ఎక్కడ దిగుతోందో అక్కడ తెలుస్తుంది. టీవీలో రెండూ ఒకేసారి కనబడవు.