రాజమహేంద్రవరంలో ఎక్కడ దిగాలి?

రాజమహేంద్రవరానికి మొదటిసారి వస్తున్నవారు మనలాంటివారిని అడిగే మొదటి ప్రశ్న "ఎక్కడ దిగమంటారు?" అని. హైదరాబాదు నుంచి మనవలు అడుగుతారు, బెంగుళూరు నుంచి వియ్యాలవారు అడుగుతారు. ప్రశ్న చిన్నదే. కాని దానికి సరైన జవాబు చెప్పాలంటే ఈ ఊరి వెయ్యేళ్ళ చరిత్ర కొంత తిరగెయ్యాలి. ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఏదైనా రాయమని సంపాదకవర్గంవారు కోరగా, నలుగురికీ ఉపయోగపడుతుందని ఈ విషయమే తీసుకొన్నాను.

వెనకటి పెద్దలు ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పేవారు కారు. "తమరు ఏ పనిమీద వస్తున్నారండీ?" అని ఎదురు ప్రశ్న వేసేవారు. స్నానానికైతే రేవు దగ్గర సత్రం. దావాకైతే ప్లీడరుగారి ఇంటి అరుగు. బేరానికైతే మెయిన్‌రోడ్డు. చదువుకైతే వారాలిచ్చే నాలుగిళ్ళు దగ్గరలో ఉన్న వీధి. వచ్చిన పనిని బట్టి పేట, పేటను బట్టి బస. కనుక ఏ కాలంలో ఎవరు ఎక్కడ దిగారో తెలుసుకొంటే ఊరు ఎలా పెరిగిందో కూడా తెలిసిపోతుంది. ఈ ఊరు గోదావరి గట్టున పుట్టి, అక్కడినుంచి తూర్పుకు పెరిగింది. గట్టునుంచి తూర్పుకు నడిచే మనిషి పాత శతాబ్దాల నుంచి కొత్త శతాబ్దాలలోకి నడుస్తున్నాడన్నమాట.

మొదట కోట సంగతి. చాళుక్య రాజరాజనరేంద్రుడు (1022-1061) ఏలిన రాజధాని ఇది. నన్నయభట్టు మహాభారతాన్ని తెనిగించడానికి పూనుకొన్నది ఆయన కొలువులోనే. ఊరికి ఆ పేరు రాజరాజు వల్ల వచ్చిందా, అంతకు ముందే రాజమహేంద్ర బిరుదు ధరించిన మొదటి అమ్మరాజు వల్ల వచ్చిందా అన్నది పండితులు నేటికీ వాదించుకొనే విషయం. పదిహేనో శతాబ్దంలో ఇది రెడ్డిరాజుల రాజధాని. శ్రీనాథ మహాకవి తన కాశీఖండాన్ని వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు. ఇప్పుడు కోటను చూద్దామంటే కోట లేదు. కోటగుమ్మం ఉన్నది, గుమ్మం లేదు. కందకం రోడ్డు ఉన్నది, కందకం లేదు. రాయీ మట్టీ పోయినా పేర్లు నిలిచిన చోటు ఇది. మెయిన్‌రోడ్డులోని మసీదులో 1324 నాటి పారశీక శాసనం ఉన్నది. ఈ పాతబస్తీలో దిగినవారు తెలిసో తెలియకో ఆ కోట సరిహద్దుల్లోనే పడుకొని లేస్తారు.

ఇక రేవులు. ఇప్పటివారు వంతెన మీదుగా ఊళ్ళోకి వస్తారు గాని, 1900కు ముందు బెజవాడ వైపునుంచి వచ్చే రైలు కొవ్వూరు దాకానే. అక్కడ దిగి, నది దాటి, ఇవతలి ఒడ్డున మళ్ళీ బండి ఎక్కాలి. 1897లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన హేవలాక్ వంతెన, 56 ఖానాలతో రమారమి పావుతక్కువ మూడు కిలోమీటర్ల పొడవున, ఆ ఇబ్బంది తీర్చింది. అంతకు ముందు పడవ దిగిన ప్రయాణికుడికి ఆ పూట వంట, ఆ రాత్రి నిద్ర గట్టుకు దగ్గరలోనే జరగాలి. యాత్రికులకు కావలసినదీ గట్టే. అందువల్లనే మార్కండేయస్వామి గుడి, కోటిలింగాల రేవు, పుష్కరాల రేవు, వాటి చుట్టూ సత్రాలు, పురోహితుల ఇళ్ళు, పూజాసామగ్రి కొట్లు, ఒకదాన్ని ఆనుకొని ఒకటి పెరిగాయి. వంతెన పడ్డాక కూడా ఈ అలవాటు పోలేదు. గోదావరి స్టేషన్ అనే చిన్న స్టేషన్ రేవుకు దగ్గరలో ఉన్నది గనుక స్నానానికి వచ్చేవారు అక్కడే దిగేవారు.

సత్రాల గురించి ఒక్క మాట చెప్పాలి. కంభంవారి సత్రం, నాళంవారి సత్రం, చందాసత్రం వంటి పేర్లు మన తరంవారికి కొత్త కావు. సత్రమంటే హోటలు కాదు. కట్టించినవారు దాని ఖర్చులకు పొలమో, అంగళ్ళో రాసియిచ్చేవారు. మామూలుగా సత్రాల్లో మూడురోజుల దాకా ఉండనిచ్చేవారు. వచ్చినవాడి ఊరు, పేరు అడిగేవారు గాని, అద్దె అడగడం ఉండేది కాదు. నిప్పు, నీరు, నీడ దొరికేవి. ఇటువంటి ధర్మసంస్థలు ఎన్నో తర్వాత దేవాదాయ ధర్మాదాయ శాఖ అజమాయిషీలోకి వచ్చాయి. వాటికి ఇప్పుడున్నది 1987 నాటి చట్టం. ఫైళ్ళు చూసిన మనవంటివారికి తెలుసు, దాత ఉద్దేశం దస్తావేజులో ఒకలా ఉంటుంది, కాలం గడిచేకొద్దీ ఆచరణ మరొకలా ఉంటుంది. అయినా ఈ ఊరు కొత్తవాడిని చేర్చుకోవడం నేర్చుకొన్నది సత్రాల్లోనే.

తరువాతి పొర ఇంగ్లీషువారి కాలానిది. 1859లో గోదావరి జిల్లా ఏర్పడ్డాక కలెక్టరాఫీసు కాకినాడలోను, జిల్లా కోర్టు రాజమండ్రిలోను స్థిరపడ్డాయి. దానివల్ల జిల్లాలో ప్రతి గుమాస్తాకూ ఎప్పుడో ఒకప్పుడు రాజమండ్రి క్యాంపు తప్పేది కాదు. కేసు కాగితాల కట్ట పట్టుకొని ప్రభుత్వ ప్లీడరుగారి దగ్గరకు నేనూ ఎన్నోసార్లు వచ్చాను. వచ్చే డి.ఏ.లో సరిపెట్టుకోవాలి గనుక బస ఎప్పుడూ గోదావరి స్టేషనుకూ కోటగుమ్మానికీ మధ్యనే. పల్లెటూరి కక్షిదారులు కూడా ఆ చుట్టుపక్కలే కనపడేవారు. ఇన్నీసుపేట ఒక ఇంగ్లీషు దొర పేరు మీద వెలసిన పేట. ప్లీడర్లు, పంతుళ్ళు, ఉద్యోగస్థులు కాపురాలు పెట్టిన ఇటువంటి పేటల్లోనే కొత్త చదువు, కొత్త ఆలోచన పెరిగాయి.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు (1848-1919) పుట్టిన ఇల్లు వంకాయలవారి వీధిలో ఉన్నది. 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించినది ఈ ఊళ్ళోనే. 1890లో ఆయన పూనికతో టౌన్‌హాలు వచ్చింది. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి ఉపన్యసించిన తరువాత వందేమాతరం బాడ్జీల గురించి ట్రెయినింగు కాలేజీలో గొడవ జరిగి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కాలేజీ నుంచి బహిష్కృతులయ్యారు. చిన్న వయసులోనే పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావుగారి (1897-1925) బొమ్మల గ్యాలరీ, రాళ్ళబండి సుబ్బారావుగారి పేరిట ఉన్న ప్రభుత్వ మ్యూజియం, వాసురాయ, రత్నకవి గ్రంథాలయాలు కలిసి ఏర్పడిన గౌతమీ గ్రంథాలయం, ఇవన్నీ పాత ఊళ్ళోనే, గట్టుకు ఎంతో దూరం పోకుండా చూడవచ్చును.

మూడో పొర మన కళ్ళముందు ఏర్పడినదే. 1974లో రైలు-రోడ్డు వంతెన వచ్చి బస్సులు, లారీలు నేరుగా ఊళ్ళోకి రావడం మొదలైంది. పడవల రేవు ప్రాముఖ్యం తగ్గింది. 1997లో హేవలాక్ వంతెన మీద రైళ్ళు ఆగిపోయి, పక్కనే కట్టిన ఆర్చి వంతెన అందుకొన్నది. 2015లో నాలుగో వంతెన కూడా వచ్చింది. తాడితోటలో బట్టల హోల్‌సేల్ కాంప్లెక్సు, ఆ చుట్టుపక్కల ఆర్టీసీ కాంప్లెక్సు, మెయిన్ స్టేషన్ వైపు దానవాయిపేట, ప్రకాశంనగర్, వీటిలో లాడ్జీలు, ఆస్పత్రులు, పెద్ద హోటళ్ళు వచ్చాయి. ఆపైన జాతీయ రహదారి పక్కన మోరంపూడి, లాలాచెరువు వైపు ఇంకా కొత్త హోటళ్ళు. ఇక్కడ కార్లు పెట్టుకోవడానికి జాగా ఉంటుంది, లిఫ్టు ఉంటుంది, గదిలో ఏసీ ఉంటుంది. గోదావరి మాత్రం ఉండదు.

నాకు బాధ కలిగించేది ఇదే. ఇప్పటి పిల్లలు ఫోనులో చూసి రహదారి పక్కన గది తీసుకొంటారు. పొద్దెక్కాక లేచి, కారులో రేవుకు వచ్చి, కారు ఎక్కడ ఆపాలో తెలియక గంటసేపు తిరిగి, ఒక ఫొటో తీసుకొని, దారిలో గ్లాసు రోజ్‌మిల్కు తాగి వెళ్ళిపోతారు. "రాజమండ్రిలో ఏముంది తాతయ్యా, ట్రాఫిక్ తప్ప!" అంటారు. తప్పు వారిది కాదు, వారు దిగిన చోటుది. ఈ ఊరు కారులోంచి చూసేది కాదు. తెల్లవారుజామున నాలుగున్నర, అయిదు గంటలకు రేవులో చూడాలి. చీకట్లో మెట్ల మీద దీపాలు, పితృకార్యాలకు వచ్చినవారి సంకల్పాలు, వలలు సర్దుకొనే పల్లెకారులు, నది మీద పొగమంచు, అవతల హేవలాక్ వంతెన స్తంభాలు ఒక్కొక్కటే తేలడం. ఆ వేళకు అక్కడ ఉండాలంటే నడిచి వెళ్ళేటంత దూరంలో పడుకోవాలి.

అందుచేత మొదటిసారి వచ్చేవారికి, రెండు మూడు రోజులు ఉండేవారికి, నా సలహా ఇది. పుష్కరాల రేవు, కోటగుమ్మం, ఇన్నీసుపేట, ఈ మూడింటి మధ్య ఎక్కడైనా దిగండి. పొద్దున రేవు, మార్కండేయస్వామి, కోటిలింగాలు. టిఫిను అయ్యాక వీరేశలింగంగారి ఇల్లు, గ్యాలరీ, మ్యూజియం. సాయంత్రం గౌతమీ గ్రంథాలయం, మెయిన్‌రోడ్డు. మర్నాడు ఒక పూట ధవళేశ్వరం వెళ్ళి, 1847-1852 మధ్య కాటన్ దొర కట్టించిన ఆనకట్ట చరిత్ర చెప్పే మ్యూజియం, ఇప్పటి బ్యారేజి చూడండి. డెల్టాలో పుట్టినవాడు తాను తినే అన్నం ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కసారైనా చూడాలి గదా.

ఈ సలహాకు అభ్యంతరాలు లేకపోలేదు. పాత ఊళ్ళో సందులు ఇరుకు. చాలా లాడ్జీలకు లిఫ్టు లేదు, మేడమెట్లు నిటారుగా ఉంటాయి. గుళ్ళ మైకులు తెల్లవారకుండానే మొదలవుతాయి, దోమలు సరేసరి. మోకాళ్ళ నొప్పులున్నవారు, గుండె మందులు వాడేవారు దానవాయిపేటలో దిగి తెల్లవారుజామున ఆటోలో రేవుకు రావడం మంచిది. ఆస్పత్రులూ అక్కడే దగ్గర. వైద్యం కోసం వచ్చేవారికి దానవాయిపేట, బట్టలు కొనడానికి వచ్చేవారికి తాడితోట, పెళ్ళికి వచ్చి ఆ రాత్రే పోయేవారికి రహదారి పక్క హోటలు, ఏ పేట మంచి ఆ పేటకు ఉన్నది. పెద్దల ఎదురు ప్రశ్న నేటికీ చెల్లుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా వచ్చేవారు ధవళేశ్వరం నీటిమట్టం పేపరులో చూసుకొని బయలుదేరాలి. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల పైచిలుకు నీరు వచ్చిన సంగతి మనం మరచిపోలేము.

చివరిగా పుష్కరాల మాట. పన్నెండేళ్ళకొకసారి వచ్చే గోదావరి పుష్కరాలు 1991, 2003, 2015 తరువాత మళ్ళీ 2027లో. ఆ పన్నెండు రోజులకు పై సలహా వర్తించదు, తలకిందులు చేసుకోవాలి. 2015 జూలై 14న, మొదటిరోజు ఉదయమే, పుష్కరాల రేవులో తొక్కిసలాట జరిగి 27 మంది ప్రాణాలు పోయాయి. ఎన్నో రేవులుండగా అంత జనం ఒక్క రేవు కోరుకోవడం అందులో పెద్ద కారణం. పేరులో పుష్కరం ఉన్నంత మాత్రాన పుణ్యం ఆ మెట్ల మీదే రాసిపెట్టి లేదు. కోటిలింగాల రేవు 2015కే బాగా పొడిగించి కట్టారు. అవతల కొవ్వూరులో గోష్పాద క్షేత్రం ఉన్నది. డెల్టాలో పాయల వెంబడి ఊరూరా రేవులున్నాయి. నీరంతా ఒక్క గోదావరే. కనుక 2027లో వచ్చే వృద్ధులు మొదటిరోజు పట్టుదల మానుకొని, మధ్యలో ఒక రోజు ఎంచుకొని, ముందు రేవును నిర్ణయించుకొని ఆ రేవుకు దగ్గరలో బస చూసుకోవాలి. తోడు ఒకరు లేకుండా నీళ్ళలో దిగకూడదు.

ఇందుకు మన సంఘ సభ్యులు చేయగల పని ఒకటున్నది. పాత ఊళ్ళో కాపురమున్న సభ్యులు తమ వీధి నుంచి రేవుకు ఎన్ని మెట్లు, ఎంత నడక, దగ్గరలో వైద్యులెవరు, ఏ సత్రంలో గదులు ఇంకా ఇస్తున్నారు అన్న వివరాలు ఒక కాగితం మీద రాసి సంఘ కార్యాలయానికి ఇస్తే, వచ్చే ఏడాది రెండేళ్ళలో ఒక మంచి పట్టిక తయారవుతుంది. సత్రాలు కట్టించే స్తోమత మనకు లేదు. పెన్షనుదారులం. కాని దూరాన్నుంచి వచ్చిన పెద్దవాళ్ళకు, మొదటిసారి వచ్చిన పిల్లలకు, ఎక్కడ దిగాలో సరిగా చెప్పడం కూడా ఆ సత్రాలు కట్టించినవారి ధర్మంలో ఒక భాగమే. సభ్య మిత్రులు ఈ మనవిని ఆలోచించవలసిందిగా కోరుతూ, సెలవు.