మానని పుండు – మారిన చికిత్స: తెలంగాణ కుష్ఠు వైద్య చరిత్ర నేర్పే పాఠం

ఉపోద్ఘాతం:
కదలలేక మంచం పట్టినవారికి నడుము కింద, పిరుదులపై, మడమలపై ఏర్పడే పుండ్లను పడక పుండ్లు లేదా ఒత్తిడి పుండ్లు అంటారు. ఇవి నెలల తరబడి మానవు. వెండి, అయోడిన్, తేనె వంటి క్రిమినాశకాలు కలిపిన కట్లను నేడు వీటికి వాడుతున్నారు. పుండును మాన్పేది కట్టులోని మందేనా అన్న ప్రశ్నకు తెలుగు నేలపై సాగిన కుష్ఠు చికిత్స చరిత్ర ఆధారంగా సమాధానం వెదకడం ఈ వ్యాస ఉద్దేశం.

క్రిమిపై పోరు:
వ్రణాలకు అరవై ఉపక్రమాలను చెప్పిన సుశ్రుత సంహిత తేనెను, నేతిని వ్రణచికిత్సలో చేర్చింది. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లపు కట్లతో గాయం చీము పట్టకుండా నివారించవచ్చని ప్రకటించాడు. నిజాం రాజ్యంలోని డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ నెలకొల్పిన కుష్ఠు వైద్యశాలకు రాజా నర్సాగౌడ్ విరాళమిచ్చారు. ఆ కాలపు ప్రధాన ఔషధం హిడ్నోకార్పస్ నూనె. 1940ల తరువాత డాప్సోన్ వచ్చింది. క్రిమి నశించినా రోగి అరికాలి పుండు మాత్రం తిరిగి తిరిగి వచ్చేది.

ఒత్తిడిని గుర్తించడం:
1946లో వేలూరు చేరిన పాల్ బ్రాండ్ దీనికి కారణం చూపాడు. కుష్ఠు వల్ల మాంసం దానంతటదే కుళ్లిపోతుందన్న నమ్మకం సరికాదు. నరాలు దెబ్బతిని స్పర్శ పోవడంతో రోగి నొప్పి తెలియక అదే చోట బరువు మోపుతాడు. ప్లాస్టర్ కట్టుతో ఆ బరువును పంచితే పుండు మానింది. మెత్తని రబ్బరు చెప్పులు అది మళ్లీ రాకుండా కాపాడాయి. 1958లో వనపర్తి రాణి కుముదినీ దేవి కూకట్‌పల్లిలో స్థాపించిన శివానంద పునరావాస కేంద్రం పేరులోనే, మందుతో చికిత్స ముగియదన్న దృష్టి కనిపిస్తుంది.

కట్టు స్థానం:
తడి నిలిచిన గాయం త్వరగా మానుతుందని 1962లో జార్జ్ వింటర్ పందులపై చేసిన ప్రయోగాలతో నిరూపించాడు. 1968లో చార్లెస్ ఫాక్స్ కాలిన గాయాలకు సిల్వర్ సల్ఫాడయాజిన్‌ను ప్రవేశపెట్టాడు. తరువాత వచ్చిన క్రిమినాశక కట్లు పుండులోని సూక్ష్మజీవుల భారాన్ని తగ్గించి, స్రావాన్ని పీల్చుకుంటాయి. అయితే ఒత్తిడి పుండ్లకు వీటిలో ఏది మిన్న అన్నది ఇంకా నిస్సందేహంగా తేలలేదు. అడుగున రక్తప్రసరణను అడ్డగించే ఒత్తిడిని ఏ కట్టూ తొలగించలేదు.

ముగింపు:
అరికాలి పుండుకూ పడక పుండుకూ మూలం ఒకటే: నొప్పి తెలియకపోవడమో, తెలిసినా కదలలేకపోవడమో. మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర వంటి గ్రామాల్లో పక్షవాతంతో మంచం పట్టినవారిని చూసుకునేది ఇంటివారే. ఖరీదైన కట్టు కొనలేకపోవడం కన్నా, వేళకు పక్క మార్చి పడుకోబెట్టాలని వారికి ఎవరూ చెప్పకపోవడమే పెద్ద నష్టం. కట్టు పుండుకు తోడు మాత్రమే. బరువు తొలగితేనే ఆ తోడుకు ఫలితముంటుంది.