వెంటిలేటరూ మత్తుమందూ

1952 వేసవిలో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించినప్పుడు, అంటురోగాల చికిత్సకు ఉన్న బ్లేగ్డామ్ ఆసుపత్రిలో ఒకే ఒక ఐరన్ లంగ్ అనే శ్వాసయంత్రం, ఛాతీకి తొడిగే ఆరు చిన్న యంత్రాలు ఉండేవి. వాటి మీద ఉంచిన తొలి 31 మందిలో 27 మంది చనిపోయారు. ప్రధాన వైద్యుడు లాసెన్ చివరికి మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్‌ను పిలిపించారు.

ఆగస్టు 27న 12 ఏళ్ల బాలికకు గొంతు కింద రంధ్రం చేసి గొట్టం అమర్చారు. రబ్బరు సంచి నొక్కి గాలి పంపబోతే పిల్ల పెనుగులాడింది, గాలి లోపలికి దిగలేదు. ఇబ్సెన్ థయోపెంటాల్ అనే మత్తుమందు ఎక్కించారు. పెనుగులాటతోపాటు పిల్ల సొంత ఊపిరీ ఆగింది. సంచి నొక్కగానే ఛాతీ పొంగింది. ఊపిరాడని రోగికి ఉన్న కాస్త ఊపిరినీ ఆపడం చూస్తున్నవారికి దుస్సాహసంగానే తోచి ఉండాలి.

రోగిని కనిపెట్టి ఉండే పద్ధతీ అక్కడే మారింది. రక్తంలో బైకార్బొనేట్ ఎక్కువగా ఉంటే క్షారగుణం పెరిగిందని వైద్యులు అనుకునేవారు. బయటికి పోలేని కార్బన్ డయాక్సైడే కారణమని ఇబ్సెన్ వాదించారు. ప్రయోగశాల అధిపతి పౌల్ ఆస్ట్రప్ పీహెచ్ కొలిచి, అది ఆమ్లగుణమేనని తేల్చారు. తర్వాత దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా సంచులు నొక్కారు. మెలకువగా ఉన్న పిల్లలకు కథలు కూడా చదివి వినిపించారు.

చేతి స్థానంలోకి యంత్రం వచ్చాక మత్తు పెరిగింది. చెయ్యి రోగి ఊపిరిని బట్టి నడుస్తుంది. తొలినాటి వెంటిలేటర్లకు ఆ నేర్పు లేదు. కాబట్టి మత్తుతో రోగినే యంత్రానికి అనువుగా మలిచారు. మత్తు లోతు కొలవడానికి 1974లో లండన్‌లో రామ్సే అనే వైద్యుడు ఆరు మెట్ల కొలబద్ద రూపొందించారు. 1983లో గ్లాస్గో వైద్యులు ఎటోమిడేట్ అనే మత్తుమందు ఎడతెగకుండా ఎక్కించిన క్షతగాత్రుల్లో మరణాలు పెరగడం గమనించారు. ఆ మందు అడ్రినల్ గ్రంథిని అణిచివేస్తుంది.

అసలు మలుపు 2000లో షికాగోలో వచ్చింది. 128 మందిపై జరిగిన పరిశీలనలో రోజుకోసారి మత్తు ఆపి మేల్కొలిపినవారికి వెంటిలేటర్ అవసరం 7.3 రోజుల నుంచి 4.9 రోజులకు తగ్గింది. మళ్లీ డెన్మార్క్‌లోనే, ఒడెన్స్ వైద్యులు 2010లో మార్ఫిన్ తప్ప మత్తు లేకుండా చూశారు. ఫలితం బాగానే ఉంది. కాకపోతే ఒక్కో రోగికి ఒక నర్సు ఉండాల్సి వచ్చింది. 2020లో 700 మందితో చేసిన పెద్ద పరీక్షలో 90 రోజుల మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే అక్కడ పోల్చింది పాతకాలపు గాఢమైన మత్తుతో కాదు, రోజూ ఆపి చూసే తేలికపాటి మత్తుతో.