మెతుకుసీమలో నిబంధనారాధన

ఒకసారి చేసిన ప్రమాణమును ఏటేటా మరల చేయించు ఆచారమున్నదనగా, చేసినవాడు దానిని నిలుపుకొనలేడని ఆ యాచారమును ఏర్పరచినవారు ముందుగనే యెరిగియుండిరన్నమాట. మెదకు మొదలు సంగారెడ్డి, కంది, పటాన్‌చెరువుల వరకును గల ఈ సీమ దక్షిణ భారత సంఘపు మెదకు అధ్యక్షమండలములోనిది. ఆ మండలమునకు వెస్లీయ మిషను నుండి దాయభాగముగా వచ్చిన నిబంధనారాధన అట్టి ఆచారము.

దీని పుట్టుక లండను నగరమున. 1755వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన స్పిటల్‌ఫీల్డ్స్‌లోని ఫ్రెంచి దేవాలయమునందు సుమారు 1800 మంది యెదుట జాన్ వెస్లీ, 17వ శతాబ్దమునాటి ప్యూరిటను బోధకుడైన రిచర్డ్ అలీన్ వ్రాతలనుండి గ్రహించిన మాటలతో, తన యనుయాయులచే దేవునితోడి నిబంధనను నూతనపరపించెను. రానురాను అది సంవత్సరారంభమునకు మారి, మెథడిస్టులలో వార్షికవిధిగా నిలిచినది. ముందు పాపములొప్పుకొనుట, తరువాత దేవునికి తన్ను తాను అప్పగించుకొనుట, పిమ్మట ప్రభురాత్రి భోజనము: క్రమము ఇంతే.

నిజాము రాజ్యమునకు ఈ క్రమమును తెచ్చిన వెస్లీయ మిషనరీలలో చార్లెస్ వాకర్ పాస్నెట్టు పేరు మెదకులో నేటికిని వినవచ్చును. ఆయన 1895లో సికింద్రాబాదునకు వచ్చి, పిమ్మట మెదకు చేరి, ఆ పరగణాలోని మాల మాదిగ పల్లెలలో దశాబ్దములు పనిచేసెను. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన, 175 అడుగుల గోపురముగల మెదకు మహాదేవాలయపు నిర్మాణము, కరవుకాలమున ఆకలిగొన్నవారికి కూలియు గింజయు నిచ్చిన పనియని జనులు చెప్పుకొందురు. కూటికొరకు మతము మారిరను నింద కూడ దానితోడనే పుట్టినది. అన్నము పెట్టినవానిని నమ్ముట తప్పని ఆకలి యెరుగనివారే యందురు. ఆ నిందపై ఇంతకుమించి వ్రాయవలసినది లేదు.

వ్రాయవలసినది వేరొకటి. బాప్తిస్మము పొందినవారు పలువురు పోచమ్మ మొక్కును, జాతరను పూర్తిగా విడువలేదు. మెదకు జిల్లాలోని వడియారము గురుమండల గ్రామములను పరిశీలించి పి. వై. లూక్, జాన్ కార్మన్ అనువారు 1968లో ప్రకటించిన గ్రంథములో ఈ ద్విముఖజీవనము, దోషారోపణకన్న అవగాహననే కోరు ధోరణితో, విపులముగా చిత్రింపబడినది. ఆదివారము ప్రార్థనకు వచ్చు గృహిణియే, బిడ్డకు ఒళ్లు కాగినపుడు, తన తల్లియు అవ్వయు నడచిన త్రోవనే గ్రామదేవత గద్దెకడకు నడచును. దీనికి అవిశ్వాసమని పేరుపెట్టుట సులభము. కాని భయము ఒక రాత్రిలో మతము మారదు.

ఇంతకన్న చిక్కైనది డప్పు సంగతి. ఊరి జాతరలో డప్పు కొట్టుట మాదిగవారికి వంశపారంపర్యముగా విధింపబడిన పని. పశుకళేబరములు మోయుటయు అట్టిదే. వెట్టిచాకిరి రాజ్యమేలిన ఆ కాలమున పటేలు, దేశముఖుల మాట కాదన్నవానికి కళ్లములో మేర దక్కుట కల్ల. కొట్టినచో సంఘమునకు ద్రోహము, కొట్టనిచో ఇంట పొయ్యి రగులదు. ఈ సంకటమున డప్పు చేతబట్టినవానిని, ధనాశచేత ప్రభువును అమ్మిన యూదాతో నొక్కగాటగట్టుట నాకు సమ్మతము కాదు. అతని తప్పులో సగము ఊరి పెత్తనమునకు చెందును. కాని ఆ సగమును సంవత్సరాదినాడు మోకరించి ఒప్పుకొనుమని పెత్తందారును పిలిచినవారు లేరు.

ఈ జనులకు హోషేయ ప్రవక్త కథకన్న దగ్గరి కథ బైబిలులో వేరొకటి లేదు. క్రీస్తుపూర్వము ఎనిమిదవ శతాబ్దిని ఉత్తర ఇశ్రాయేలు రాజ్యమునందు, పంటలిచ్చునవాడు బయలు దేవతయని జనులు నమ్మి మొక్కుచున్న దినములలో, హోషేయ తన్ను విడిచి పరులవెంట బోయిన భార్యను 15 తులముల వెండియు, కొంత యవధాన్యమును ఇచ్చి మరల కొని తెచ్చుకొనెను. వానకును పంటకును అన్యదైవమును మ్రొక్కిన జనమే ఆ భార్య. తన సొత్తునకే తిరిగి వెల చెల్లించిన భర్తయే దేవుడు. అయితే ఆ ప్రవక్త కరుణ అడ్డుఆపులు లేనిది కాదు: ఇంటికి తెచ్చిన పిమ్మట, చాల దినములు పరపురుషుని కూడక తనకై కనిపెట్టుకొని యుండుమని ఆమెకు చెప్పెను. తెచ్చుకొనుట ముందు, దిద్దుకొనుట వెనుక. ఈ వరుస తలక్రిందైనచోట సంఘశిక్ష వట్టి కులపంచాయితీయై, వెలివేయుటతో ముగియును.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ భారత సంఘము ఏర్పడినపుడు ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలిస్టులు తమ తమ సంప్రదాయములలో కొన్నిటిని నిలుపుకొని, కొన్నిటిని వదలుకొనిరి. మెథడిస్టుల నిబంధనారాధన వదలుకొన్నవాటిలో చేరక, ఐక్యసంఘపు ఆరాధనక్రమములో స్థానము సంపాదించుకొనుట ఆ పెద్దల వివేకమునకు నిదర్శనము.

నేడు కందిలో హైదరాబాదు ఐఐటి వెలసినది. పటాన్‌చెరువు వైపున కర్మాగారములు రేయింబవళ్లు నడచుచున్నవి. బ్రతుకుదెరువునకై వచ్చినవారు అద్దె యిండ్లలో నున్నారు. రాత్రి షిఫ్టు చేసి ఆదివారము ఆరాధనకు రానివాడు ఈ కాలపు డప్పుగాడు. వానిని చల్లారినవాడని సంఘపు పట్టీనుండి కొట్టివేయుటకు ముందు హోషేయ గ్రంథము మూడవ అధ్యాయమును, అయిదు వచనములే గదా, ఒకమారు చదివి, పిదప వాని యింటికి పోయి రావలసినదని సంఘపెద్దలకు నా మనవి.